శుద్ధి చేసిన ఎన్95 మాస్కు వడపోయడం లేదా? ముందుగా వార్డులో అడగండి

ఎన్95 మాస్కు ఒకసారి వాడి పారవేయవలసిన వస్తువు. తీవ్రమైన కొరత వచ్చినప్పుడు మాత్రమే దానిని శుద్ధి చేసి తిరిగి వాడతాము. అమెరికాలో మందులను, వైద్య పరికరాలను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ సైతం 2020లో ఈ పద్ధతులకు అత్యవసర అనుమతి ఇచ్చి, సరఫరా కుదుటపడ్డాక 2021లో ఉపసంహరించుకుంది. విజయవాడ, గుంటూరు ఆసుపత్రులలో అటువంటి అవసరం మళ్ళీ వస్తే స్టెరిలైజేషన్ విభాగంలో ఎదురయ్యే చిక్కులను ఇక్కడ వివరిస్తున్నాను. మాస్కును తొడగడం, విప్పడం, పట్టీపై పేరు రాయడం మీకు తెలిసినవే.

సమస్య: మాస్కులను శుద్ధి చేసే హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా యంత్రం మధ్యలోనే ఆగిపోతోంది.

కారణం దాదాపు ఎప్పుడూ తేమే. మే నెలలో విజయవాడలో ఏసీ లేని వార్డులో డ్యూటీ ముగిసేసరికి మాస్కు చెమటతో తడిసి ఉంటుంది. దానిని ప్లాస్టిక్ కవరులో కట్టి పంపితే ఆ తడి ఎక్కడికీ పోదు. కాగితపు కవరులో పెట్టి పూర్తిగా ఆరనివ్వాలి. అయితే ఆ కాగితపు కవరుతోనే యంత్రంలో పెట్టకూడదు, ఎందుకంటే కాగితం పెరాక్సైడ్‌ను పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ నారలతో చేసిన, ఆవిరిని లోపలికి పోనిచ్చే టైవెక్ పౌచ్‌లోకి మార్చారా లేదా అన్నది చూడడానికి ఒక్క క్షణం చాలు, కానీ ఇంజినీరుకు ఫోను చేసే ముందు ఆ క్షణాన్ని వెచ్చించేవారు అరుదు.

సమస్య: ముఖానికి చక్కగా అతుకుతోంది, అంచుల బిగింపు చూడడానికి చేదు ద్రావణంతో చేసిన ఫిట్ టెస్ట్‌లోనూ నెగ్గింది, అయినా కణాలను లెక్కించే పరికరం పెట్టి చూస్తే సూక్ష్మ కణాలు లోపలికి వస్తున్నాయి.

మమ్మల్ని అన్నిటికన్నా ఎక్కువగా తిప్పలు పెట్టింది ఇదే. యంత్రాన్ని అనుమానిస్తాము, మాస్కుల బ్యాచ్‌ను అనుమానిస్తాము, పెరాక్సైడ్ క్యాసెట్ మారుస్తాము. అసలు కారణం మాత్రం మాస్కు మన చేతికి రాకముందే, వార్డులో జరిగిపోయి ఉంటుంది: సేకరణ డబ్బాలో వేసే ముందు ఎవరో మంచి ఉద్దేశంతోనే దానిపై స్పిరిట్ గాని శానిటైజర్ గాని చల్లి ఉంటారు.

ఎన్95 లోపలి పొర పాలీప్రొపిలీన్ నారలతో తయారవుతుంది. ఆ నారలకు తయారీలోనే స్థిర విద్యుదావేశం ఎక్కిస్తారు. తలకు రుద్దిన దువ్వెన కాగితపు ముక్కలను లాగినట్లు, 0.3 మైక్రాన్ల వంటి కణాలను అవి లాగి పట్టుకుంటాయి. స్పిరిట్‌లోను, శానిటైజర్‌లోను ఉండే ఆల్కహాల్ తగిలితే ఆ ఆవేశం పోతుంది. సబ్బు నీటితో కడిగినా ఇదే ముప్పు. నారలు మాత్రం చెక్కుచెదరవు. చూపుకు తేడా ఉండదు, వాసన త్వరగానే ఎగిరిపోతుంది, ఊపిరి బరువెక్కదు. ఫిట్ టెస్ట్‌లో చల్లే తీపి, చేదు తుంపరలు చాలా పెద్దవి కనుక ఆవేశం లేని నారలు కూడా వాటిని ఆపగలవు. ఆ పరీక్ష చూసేది అంచుల బిగింపునే గాని వడపోతను కాదు. అందువల్ల మనం మామూలుగా చేసే పరీక్షలన్నీ నెగ్గిన మాస్కుతోనే ఒక సిస్టర్ క్షయ రోగి పక్కన నిలబడే ప్రమాదం ఉంది.

పోయిన ఆవేశాన్ని ఏ శుద్ధి పద్ధతీ తిరిగి తేలేదు. కాబట్టి పరిష్కారమంతా సేకరణ దగ్గరే ఉంది. డబ్బా పక్కన స్పిరిట్ సీసా ఉంచవద్దు. “మాస్కుపై ఏమీ చల్లవద్దు” అని తెలుగులో పెద్ద అక్షరాలతో అంటించండి. తీసుకునేటప్పుడు “అమ్మా, దీనిపై ఏమైనా చల్లారా?” అని ప్రతి షిఫ్టులోనూ అడగండి, కోప్పడకుండా అడగండి, గద్దిస్తే ఎవరూ నిజం చెప్పరు. మార్కర్‌తో రాసిన పేరు చెదిరి రంగు పాకి ఉంటే స్పిరిట్ తగిలిందని అనుమానించాలి. పేరు చెదరనంత మాత్రాన తగలలేదని నమ్మకూడదు. అనుమానం ఉన్న మాస్కును వైద్య వ్యర్థాల పసుపు సంచిలో వేయండి.

స్పిరిట్ తగలకున్నా, ప్లాస్మా యంత్రంలో పదేపదే పెట్టిన మాస్కుల వడపోత తగ్గుతుంది. ప్లాస్మా లేని పెరాక్సైడ్ ఆవిరి పద్ధతి ఈ విషయంలో మేలు.

సమస్య: కళ్ళద్దాలపై ఆవిరి పడుతోంది.

పట్టీలు సాగిపోయాయి, లేదా ముక్కు క్లిప్పు వంగి అలసిపోయింది. పట్టీకి ముడి వేసి నెట్టుకురావద్దు, పారవేయండి. తయారీదారు వేరే సంఖ్య చెప్పనప్పుడు, ఒక మాస్కును ఐదుసార్లకు మించి తొడగవద్దన్నది అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ కొరత కాలానికి ఇచ్చిన సూచన.

సమస్య: తొడగగానే కళ్ళు, గొంతు మండుతున్నాయి.

పెరాక్సైడ్ పూర్తిగా పోలేదు. శుద్ధి తరువాత మాస్కుకు గాలి ఆడే సమయాన్ని తగ్గించవద్దు.

గుంటూరు ఎండలో ఆరేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. శుద్ధికి వాడేది 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతి, అది చదరపు సెంటీమీటరుకు కనీసం ఒక జూల్ చొప్పున మాస్కు ఉపరితలానికి అందాలి. ఎండలోని ఆ కాంతిని ఓజోన్ పొర పైనే ఆపేస్తుంది. వాల్వు ఉన్నవి, రక్తం గాని లిప్‌స్టిక్ గాని అంటినవి అసలు శుద్ధికే తీసుకోవద్దు. వేడి ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవ్‌లో పెడితే గిన్నె ఆకారపు మాస్కులు వంకరపోతాయి. మిగిలిన కారణాలు అరుదుగా వస్తాయి, వాటికి యంత్రం మాన్యువల్ చాలు.