ఇంట్లో నాలుగు ల్యాప్‌టాప్‌లు, బ్యాకప్‌కి ఒకటే హార్డ్ డిస్క్

కంప్యూటర్ సామాన్ల బజారు ఎస్పీ రోడ్డుకెళ్లి 2 టీబీ ఎక్స్‌టర్నల్ డిస్క్ తెచ్చి, ఇంటిల్లిపాదికీ అదే బ్యాకప్ అనుకునే బెంగళూరు వాళ్లకు ఒక మాట. అన్నీ విండోస్ అయితే పెద్ద పనేం లేదు. విండోస్‌లోనే ఉండే బ్యాకప్ సదుపాయం ఫైల్ హిస్టరీ ఒక్కో కంప్యూటర్ పేరుతో వేరే ఫోల్డర్ తనే పెట్టుకుంటుంది.

చిక్కంతా మధ్యలో మ్యాక్ ఉంటేనే. మ్యాక్‌లోని బ్యాకప్ సదుపాయం టైమ్ మెషీన్‌కి డిస్క్ అప్పగిస్తే ముందు అంతా చెరిపేస్తానంటుంది. తర్వాత చోటున్నంతవరకూ కాపీలు పోగేస్తూనే ఉంటుంది, నిండాకే పాతవి తీసేస్తుంది. అందుకని డిస్క్ కొత్తగా ఉన్నప్పుడే రెండు భాగాలు చేసేయండి. మ్యాక్‌లో డిస్క్ యుటిలిటీ తెరిచి, వ్యూ మెనూలో ‘షో ఆల్ డివైజెస్’ నొక్కండి. అది నొక్కకపోతే డిస్క్ మొత్తంగా కనబడదు, దాని లోపలి భాగమే కనిపిస్తుంది, చాలామంది ఆగిపోయేది ఇక్కడే. పైనున్న డిస్క్‌ని ఎంచుకుని, స్కీమ్ దగ్గర ‘జీయూఐడీ పార్టిషన్ మ్యాప్’ పెట్టి ఎరేజ్ చేసి, ఆపైన పార్టిషన్ చేయండి. మ్యాక్ స్టోరేజీకి రెట్టింపు, అంటే 512 జీబీ మ్యాక్‌కి సుమారు 1 టీబీ, మ్యాక్ వాడే ఫార్మాట్ ఏపీఎఫ్ఎస్‌గా ఇవ్వండి. మిగతాది రెండిటిలోనూ పనిచేసే ఎక్స్‌ఫ్యాట్‌గా వదిలి, తర్వాత విండోస్‌లో పెట్టి ఆ భాగాన్ని మాత్రమే విండోస్ ఫార్మాటైన ఎన్‌టీఎఫ్ఎస్‌కి ఫార్మాట్ చేసుకోండి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌ని మాత్రం ఇందులో కలపకండి, ఐటీ వాళ్లతో లేనిపోని టెన్షన్. డిస్క్ కింద పడితే అందరి బ్యాకప్పూ ఒకేసారి పోతుంది కాబట్టి, ఫోటోల వరకైనా ఇంకో కాపీ తీసి, పండక్కి ఊరెళ్లినప్పుడు అమ్మావాళ్ల బీరువాలో పెట్టి రండి.