చెరువు బురదలో నెమటోడ్: పేరు తేలనప్పుడు తప్పు ఎక్కడుందో వెతకడం

మంచినీటి నెమటోడ్ల (సన్నటి సూక్ష్మ పురుగుల) మీద కొత్తగా పని మొదలుపెట్టినవాళ్లు ఎక్కువగా అడిగేది ఇదే: "కీలో (లక్షణాలను బట్టి జాతిని గుర్తుపట్టే పట్టికలో) అన్నీ చూశాను, ఏ జాతికీ సరిపోవట్లేదు. ఇది కొత్త జాతేనా?" అయి ఉండొచ్చు. ప్రపంచం మొత్తం మీద మంచినీళ్లలో ఇప్పటిదాకా వర్ణించినవి సుమారు 1,800 జాతులే. మన చెరువుల్లో, పంట కాలువల్లో ఎవరూ చూడనివి తప్పకుండా ఉంటాయి. కానీ నేను చూసినంతలో చాలాసార్లు తేడా పురుగులో ఉండదు, స్లైడ్‌లో ఉంటుంది. కాబట్టి కీ తెరిచే ముందు స్లైడ్‌ని అనుమానించండి. ఈ సమస్యలు కూడా అదే వరసలో రాశాను.

పురుగులు చుట్టలు చుట్టుకుని చచ్చాయి

చల్లటి ఫార్మలిన్ (నమూనాలు పాడవకుండా ఉంచే ద్రావణం) పోసి ఉంటారు. అందులో పురుగు మెలికలు తిరుగుతూ చచ్చి, అదే ఆకారంలో గట్టిపడుతుంది. ఆ తర్వాత పొడవు సరిగ్గా కొలవడం కష్టం. వాచ్ గ్లాస్‌లో నీళ్లు వీలైనంత తగ్గించి, 65 నుంచి 70 డిగ్రీల వేడి ఉన్న 4 శాతం ఫార్మలిన్ ఒక్కసారిగా పోయండి. వేడికి ఒళ్లు వదులై, నిటారుగానో కొద్దిగా వంగో ఉండిపోతుంది. ఆ ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు. ఫ్యూమ్ హుడ్ (ఆవిరిని బయటికి లాగేసే పెట్టె) లేకుండా ఈ పని చేయొద్దు.

గ్లిజరిన్‌లోకి మార్చాక ఒంటి నిండా సొట్టలు

తొందరపడ్డారు. గ్లిజరిన్ లోపలికి వెళ్లేలోపే నీళ్లు బయటికి వచ్చేస్తే చర్మం కుంగిపోతుంది. 1959లో నెమటోడ్ శాస్త్రవేత్త సైన్‌హార్స్ట్ చెప్పిన పద్ధతినే కొద్ది మార్పులతో ఇప్పటికీ వాడుతున్నాం. ముందు పురుగులను నూటికి ఒక వంతు గ్లిజరిన్ కలిపిన పలుచటి ఫార్మలిన్‌లో ఉంచి, ఆల్కహాల్ ఆవిరి నిండిన మూత గిన్నెలో 35 నుంచి 40 డిగ్రీల దగ్గర ఒక రాత్రి వదిలేయాలి. తర్వాత 95 వంతుల ఆల్కహాల్‌కి 5 వంతుల గ్లిజరిన్ కలిపి, కొద్దికొద్దిగా చేరుస్తూ, నెమ్మదిగా ఆవిరి కానివ్వాలి. చివరికి గ్లిజరిన్ మాత్రమే మిగులుతుంది. ఒకసారి సొట్టపడిన పురుగు మళ్లీ మునుపటిలా కాదు, దాన్ని కొలతల్లోంచి తీసేయండి.

‘ఎ’ విలువ మరీ తక్కువ వస్తోంది

డచ్ శాస్త్రవేత్త డి మాన్ పేరుతో పిలిచే నిష్పత్తులు మనకు తెలిసినవే. పొడవును గరిష్ఠ వెడల్పుతో భాగిస్తే ‘ఎ’, అన్నవాహిక పొడవుతో భాగిస్తే ‘బి’, తోక పొడవుతో భాగిస్తే ‘సి’. ఆడ పురుగులో జననరంధ్రం తల నుంచి ఎంత శాతం దూరంలో ఉందో చెప్పేది ‘వి’.

1,500 మైక్రాన్ల పొడవు, 30 మైక్రాన్ల వెడల్పు ఉన్న పురుగు తీసుకోండి. ‘ఎ’ విలువ 50. కవర్‌స్లిప్ బరువుకి అది నలిగి 38 మైక్రాన్ల వెడల్పు అయితే, అదే పురుగుకి విలువ 39కి పడిపోతుంది. కీలో అది ఇంకో జాతి దగ్గరికి తీసుకెళ్తుంది. కవర్‌స్లిప్ కింద పురుగు అంత మందమే ఉన్న గాజు పోగులు మూడు పెట్టండి, లేదా మైనం రింగు వేయండి. నలిగిందో లేదో తెలుసుకోవాలంటే ఫోకస్‌ని పైనుంచి కిందికి మెల్లగా తిప్పండి. గుండ్రంగా ఉన్న పురుగు అయితే పై చర్మం, మధ్యలో పేగు, కింది చర్మం విడివిడిగా వస్తాయి. నలిగితే అన్నీ దాదాపు ఒకేసారి కనిపిస్తాయి.

ఆంఫిడ్ కనిపించడం లేదు

తలకు రెండు పక్కలా ఉండే ఈ వాసన గుంట ఆకారం కుటుంబాన్ని పట్టిస్తుంది. మాన్‌హిస్టెరా అనే ప్రజాతిలో గుండ్రంగా, అక్రోమడోరాలో చుట్ట తిరిగి, డోరిలైమస్‌లో గరాటులా ఉంటుంది. పురుగు వీపు మీదో పొట్ట మీదో పడుకుంటే గుంట అంచుకి పోతుంది, ఎంత వెతికినా దొరకదు. గ్లిజరిన్ స్లైడ్‌లో దాన్ని దొర్లించడం కష్టం. అందుకే ప్రతి నమూనాలోనూ కొన్నింటిని బతికుండగానే నీటి చుక్కలో చూడండి. కవర్‌స్లిప్ అంచుని సూదితో వెంట్రుకవాసి జరిపితే పురుగు పక్కకు తిరుగుతుంది. కండెన్సర్ కిందున్న డయాఫ్రమ్ కొద్దిగా మూస్తే అంచులు తేలతాయి. అప్పుడే తోక కొన కూడా చూసేయండి: మాన్‌హిస్టెరా, ప్లెక్టస్, టోబ్రిలస్‌లకు అక్కడ జిగురు వదిలే నాళం ఉంటుంది. దాంతో గాజుకి అతుక్కుని తల ఊపుతూ ఉంటాయి. డోరిలైమస్‌కు అది లేదు.

తలలు ఒకేలా ఉన్నాయి, తోకలు వేరు

దీని దగ్గర కొంచెం ఆగాలి, ఎందుకంటే నాకు మూడు నెలలు పోయింది ఇక్కడే.

చదువుకునే రోజుల్లో ఒక ఊరచెరువు గట్టు పక్క బురదలోంచి డోరిలైమస్‌లు తీశాను. కొన్నింటికి దారంలా సాగిన పొడవైన తోక. కొన్నింటికి బొటనవేలి కొనలా పొట్టి, గుండ్రటి తోక. చర్మం మీద నిలువు గీతలు రెండింటికీ ఒకటే, నోట్లో సూదీ ఒకటే. రెండు జాతులనుకుని వేర్వేరు డబ్బాల్లో, వేర్వేరు లేబుళ్లతో దాచాను. పట్టికలు వేశాను. ఒకరోజు రాత్రి పొట్టి తోకలవన్నీ మళ్లీ వరసగా చూస్తుంటే, ప్రతిదానిలోనూ వంపు తిరిగిన స్పిక్యూల్స్ (మగవాటికే ఉండే సంయోగపు ముళ్లు) ఉన్నాయి. వాటి ముందు పొట్ట వెంట సప్లిమెంట్లు (మగవాటికి ఉండే చిన్న బొడిపెలు) పూసల దండలా పేర్చినట్టున్నాయి. పొడవు తోకల డబ్బాలో పెద్దవన్నీ ఆడవే. ఒక్క మగది లేదు. పొట్టి తోకలవాటిలో ఒక్క ఆడదీ లేదు.

డోరిలైమస్ ప్రజాతి లక్షణమే అది. ఆడదానికి పొడవు తోక, మగదానికి పొట్టి తోక. ఇంకో చిక్కు కూడా ఉంది: మగ పిల్లపురుగులకు కూడా పొడవు తోకే ఉంటుంది, చివరిసారి చర్మం విడిచినప్పుడే అది గుండ్రంగా మారుతుంది. కాబట్టి "కొత్త జాతి" అనే ముందు రెండు గుంపుల్లోనూ ఆడ, మగ, పిల్లలను విడివిడిగా లెక్కపెట్టండి. ఒక గుంపులో ఒకే లింగం ఉంటే రెండో లింగం పక్క డబ్బాలో ఉందేమో చూడాలి. అయితే మాన్‌హిస్టెరా బంధువుల్లో కొన్ని జాతులకు మగవి చాలా అరుదు. అక్కడ ఆడవే దొరికితే కంగారుపడాల్సిన పనిలేదు.

పెద్దదో పిల్లో తేలడం లేదు

డోరిలైమిడ్ (డోరిలైమస్, దాని బంధువులు) అయితే పని సులువు. సూది వెనక, అన్నవాహిక గోడలో ఇంకో సూది పడుకుని కనిపిస్తే అది పిల్లపురుగు. తర్వాతి దశ కోసం దాచుకున్న సూది అది. పెద్దదానికి ఒక్కటే ఉంటుంది. మిగతావాటిలో జననరంధ్రం, గుడ్లు, స్పిక్యూల్స్ చూడాలి. పిల్లల కొలతలు పెద్దవాటితో కలపొద్దు. పురుగు పెరిగే కొద్దీ ఒళ్లు సాగినంతగా అన్నవాహిక సాగదు, కాబట్టి ‘బి’ విలువ వయసుతోనే మారిపోతుంది. ఒక్క పురుగు కొలిచి తీర్పు చెప్పకండి. కనీసం పది ఆడవి, దొరికితే పది మగవి కూడా కొలవండి.

వరి మడి నమూనాలో నోట్లో సూది ఉంది, డోరిలైమస్ కీ పనిచేయట్లేదు

అది వరి వేరు నెమటోడ్, హిర్ష్‌మనియెల్లా అయి ఉండొచ్చు. సూది అడుగున మూడు గుండ్లు ఉన్నాయేమో చూడండి. డోరిలైమస్ సూదికి ఆ గుండ్లు ఉండవు, కొన ఇంజెక్షన్ సూదిలా ఏటవాలుగా కోసినట్టుంటుంది.

డీఎన్ఏ ఒక పేరు చెబుతోంది, స్లైడ్ ఇంకోటి

ముందు భద్రపరిచిన పద్ధతి అడగండి. ఫార్మలిన్ డీఎన్ఏని పాడుచేస్తుంది. 20 శాతం డీఎంఎస్‌ఓ, ఈడీటీఏ అనే రసాయనాలు, ఉప్పు నిండుగా కలిపిన ద్రావణంలో పెడితే ఆకారం, డీఎన్ఏ రెండూ దక్కుతాయి. తర్వాత పురుగు కడుపు: మోనోంకస్ అనే నెమటోడ్ ఇతర నెమటోడ్లను మింగుతుంది, మీకు వచ్చింది దాని భోజనం తాలూకు డీఎన్ఏ కావచ్చు. డేటాబేస్‌లోనే తప్పు పేరుతో ఉన్న సీక్వెన్సులూ ఉంటాయి. జాతులను పోల్చడానికి చదివే 18ఎస్ జన్యువు దగ్గరి జాతులను విడదీయలేకపోవచ్చు, 28ఎస్ జన్యువు కూడా చేయించండి. పురుగును నలిపి ట్యూబ్‌లో వేసే ముందు తల, అన్నవాహిక, జననరంధ్రం, తోక ఫొటోలు తీసి ఉండాలి. ఆ ఫొటోలు లేకపోతే ఆ సీక్వెన్సు ఏ పురుగుదో ఎప్పటికీ చూపించలేరు.

నిజంగానే కొత్తది, కానీ పేపర్ వెనక్కి వచ్చింది

మొదట దగ్గరి జాతుల అసలు వర్ణనలు తెప్పించుకుని పోల్చారా చూసుకోండి. కీలో ఉండేది సారాంశం మాత్రమే. 1865లో బాస్టియన్ ఒక్కసారే వంద కొత్త జాతులు వర్ణించారు. అలాంటి పాత పేర్లు కొన్ని తర్వాత ప్రజాతి మారి వేరేచోట ఉంటాయి. ఇక నియమాల సంగతి: 1999 తర్వాత ప్రచురించే కొత్త పేరుకి హోలోటైప్ (ఆ పేరుకి ఆధారంగా ఎంచిన ఒకే ఒక్క నమూనా) ఏదో స్పష్టంగా చెప్పాలి, అది ఏ సంస్థలో దాచారో రాయాలి. ఆన్‌లైన్‌లో మాత్రమే వచ్చే పత్రిక అయితే జూబ్యాంక్ (జంతువుల పేర్ల ఆన్‌లైన్ రిజిస్టర్) నమోదు కూడా కావాలి. మనకు ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో జాతీయ నెమటోడ్ సేకరణ ఉంది, కోల్‌కతాలో జూలాజికల్ సర్వే ఉంది. స్లైడ్ పంపేటప్పుడు లేబుల్ మీద చెరువు పేరు, మండలం, జీపీఎస్, తేదీ, బురద తీసిన లోతు, పురుగు లింగం పెన్సిల్‌తో రాయండి. ఇంకు ఆల్కహాల్‌కి చెరిగిపోతుంది.