కొత్త స్ప్లిట్ ఏసీకి కరెంటు ఇచ్చే ముందు

ఎండలు ముదిరాక మెకానిక్ దొరకడు, దొరికినా హడావిడిగా బిగించి పోతాడు. పక్కనే నిలబడి ఇవి చూసుకోండి.

– ఇండోర్, అవుట్‌డోర్ టెర్మినళ్లు: 1కి 1, 2కి 2, 3కి 3. వైరు రంగు కాదు, టెర్మినల్ మీది గుర్తే నమ్మండి. ఇన్వర్టర్ మోడల్‌లో సిగ్నల్ వైరు చోట ఫేజు పడితే పీసీబీ (ఏసీ లోపలి ఎలక్ట్రానిక్ బోర్డు) కాలిపోవచ్చు. మధ్యలో టేపు చుట్టిన అతుకులు అసలొద్దు.

– వాక్యూమ్ పట్టాకే, అంటే పంపుతో పైపుల్లోని గాలి, తేమ లాగేశాకే, అవుట్‌డోర్ మీది గ్యాస్ వాల్వులు తెరవాలి. కాస్త గ్యాస్ వదిలి గాలిని తోసేయడం చాలామంది చేసే పని. కానీ పైపులో మిగిలిన తేమ ఆయిల్‌ను పాడుచేసి, మెల్లగా కంప్రెసర్‌ను తినేస్తుంది. పైగా మీ ఏసీలోది ఆర్32 అయితే అది మండే గ్యాస్. వాక్యూమ్ కొలిచే మైక్రాన్ గేజు 500 కిందికి దిగాలి. పంపు ఆపి పది నిమిషాలు ఆగండి. రీడింగు ఎగబాకుతూనే ఉంటే పైపులు బిగించే ఫ్లేర్ నట్టు దగ్గర లీకో, లోపల తేమో ఉన్నట్టే.

– రెండు వాల్వులూ అలెన్ కీతో పూర్తిగా తెరిచారా? మూసి ఉండగా నడిపితే కంప్రెసర్ వేడెక్కి పాడవుతుంది.

– టన్నున్నర ఏసీకి 2.5 చదరపు మి.మీ. రాగి వైరు, విడిగా 20 ఆంపియర్ల ఎంసీబీ (లోడు మించితే కరెంటు ఆపేసే స్విచ్). మీటరు బోర్డు దూరమైతే 4 చదరపు మి.మీ. వైరు వేయించండి, వోల్టేజి అంతగా పడిపోదు.

– ఎర్త్: ఫేజు-న్యూట్రల్ మధ్య ఎంత వోల్టేజి ఉందో, ఫేజు-ఎర్త్ మధ్యా ఇంచుమించు అంతే రావాలి. పాత ఇళ్లలో ఆ మూడో పిన్ను చాలాసార్లు అలంకారమే.

– ఇండోర్ ట్రేలో లీటరు నీళ్లు పోసి, బయటికి వస్తున్నాయో లేదో చూడండి.

ఆన్ చేశాక అవుట్‌డోర్ మూడు నిమిషాల దాకా కదలకపోవచ్చు. కంగారుపడి స్విచ్ ఆపి మళ్లీ వేయకండి.