స్లొవేనియా ఆకాశంలో రద్దీ, ఆలస్యం: లెక్క తీసే పద్ధతి

స్లొవేనియా రాజధాని లుబ్లియానా విమానాశ్రయం బోర్డు మీద 'డిలేడ్' అని ఎన్నిసార్లు పడిందో లెక్కేసి, స్లొవేనియా ఏటీసీ (విమానాల రాకపోకల నియంత్రణ) సత్తా ఇంతే అని తేల్చేయడం చాలామంది చేసే మొదటి తప్పు. దేశం మొత్తం కలిపి ఇరవై వేల చదరపు కిలోమీటర్ల పైచిలుకు. జెట్ విమానం ఆ చివరి నుంచి ఈ చివరికి ఇరవై నిమిషాల్లో దాటేస్తుంది. అక్కడి కంట్రోలర్లు చూసే విమానాల్లో చాలావరకు ఆ దేశంలో దిగవు, మీదుగా పోతాయంతే. అంచేత లుబ్లియానా సెక్టార్ (ఒక కంట్రోలర్ జట్టు చూసుకునే ఆకాశం ముక్క) నిండితే ఆగేది మ్యూనిక్‌లోనో ఇస్తాంబుల్‌లోనో గేటు దగ్గరున్న విమానం. లుబ్లియానా బోర్డు మీద కనిపించే ఆలస్యమేమో జర్మనీ ఆకాశంలో పుట్టి ఉండొచ్చు. కాబట్టి గగనతలానికి ఒక పట్టిక, విమానాశ్రయానికి ఒక పట్టిక. రెంటినీ కలపొద్దు.

గగనతలం పట్టికకు ముడిసరుకు బ్రస్సెల్స్‌లో ఉంది. ఫలానా గంటలో సెక్టార్‌లోకి పట్టేవాటికన్నా ఎక్కువ విమానాలు వచ్చేలా ఉంటే, లుబ్లియానా సెంటర్ (అక్కడి కంట్రోలర్ల కేంద్రం) అడిగిన మీదట, ఐరోపా విమాన రద్దీని సమన్వయించే యూరోకంట్రోల్ సంస్థలోని నెట్‌వర్క్ మేనేజర్ 'రెగ్యులేషన్' (గంటకు ఇన్నే అనే పరిమితి) పెట్టి, ఒక్కో విమానానికి టేకాఫ్ స్లాట్, అంటే లేవాల్సిన సమయం, ఇస్తుంది. ఈ రెగ్యులేషన్ల జాబితా ఏఎన్‌ఎం పేరుతో వస్తుంది. అందులో లుబ్లియానా సెంటర్ కోడ్ ఎల్‌జేఎల్‌ఏ తాలూకు వరుసలు ఏరి, మొదలు, ముగింపు, కారణం రోజూ రాసుకోండి. రెగ్యులేషన్ పేరులోని రెండంకెలు తేదీ. చివర ఎమ్ ఉంటే ఉదయం, ఏ ఉంటే మధ్యాహ్నం.

కారణం ఒకే అక్షరం: సీ అంటే సెక్టార్ సామర్థ్యం, ఎస్ సిబ్బంది కొరత, డబ్ల్యూ వాతావరణం, టీ పరికరాలు, ఐ సమ్మె. సీ, ఎస్‌ల దగ్గర మాత్రం అక్షరాన్ని అలాగే నమ్మకండి. మనుషుల్లేక రెండో సెక్టార్ తెరవకపోతే, ఉన్న ఒక్క సెక్టార్ నిండినట్టే కనబడుతుంది, సీ పడుతుంది. పోయిన వారం అదే రోజు, అదే గంటలో అదే రద్దీని రెండు సెక్టార్లతో లాగించి ఉంటే అది సామర్థ్యం సమస్య కాదు, డ్యూటీ చార్టు సమస్య. చిన్న దేశంలో ఇదెందుకు తరచూ వస్తుందో చూడండి. ఒక సెక్టార్‌కి ఇద్దరు కావాలి: రేడియోలో మాట్లాడే ఎగ్జిక్యూటివ్, పక్క సెక్టార్లతో మాట్లాడుకునే ప్లానర్. రాత్రీపగలూ ఏడాదంతా అంటే ఇద్దరికీ కలిపి 17,520 గంటలు. ఒక్కొక్కరు ఏడాదికి 1,200 గంటలు స్క్రీన్ ముందు కూర్చుంటారనుకున్నా, ఒక్క సెక్టార్‌కే పదిహేనుమంది. ఇద్దరికి జ్వరమొస్తే మధ్యాహ్నం సెక్టార్ గల్లంతు.

స్లాట్ లెక్క ఇలా ఉంటుంది. విమానం 09:15కి లేవాలి, స్లాట్ 09:40కి వచ్చింది: ఆలస్యం 25 నిమిషాలు. స్లాట్‌కి 5 నిమిషాల ముందు నుంచి 10 నిమిషాల తర్వాత దాకా, అంటే 09:35 నుంచి 09:50 మధ్య ఎప్పుడైనా లేవచ్చు. 09:49కి లేచినా ఏటీసీ ఖాతాలో పడేది 25 మాత్రమే. ఇంకొకటి: దారిలో లుబ్లియానా 12 నిమిషాలు, జర్మనీలోని కార్ల్స్‌రూ సెంటర్ 20 నిమిషాలు ఆపితే, మొత్తం 20 కార్ల్స్‌రూ ఖాతాకే పోతాయి. లుబ్లియానాకి సున్నా. సున్నా చూసి సంబరపడొద్దని చెప్పేది ఇందుకే. పైగా రద్దీ రోజుల్లో కొన్ని విమానాలను తక్కువ ఎత్తుకు దింపుతారు, కొన్నిటిని పక్క దేశం మీదుగా తిప్పుతారు. అవి ఆలస్యంలో కనబడవు, ఇంధనం బిల్లులో కనబడతాయి.

గంట లెక్క కూడా మోసం చేస్తుంది. గంటకు 40 విమానాలు, ఒక్కోటి సెక్టార్‌లో 12 నిమిషాలు ఉంటే, సగటున ఒకేసారి స్క్రీన్ మీద 8 (40 × 12 ÷ 60). కానీ ఆ నలభైలో పదిహేను ఒకే పది నిమిషాల్లో దూరితే పరిస్థితి వేరు: గంట లెక్క పచ్చగానే ఉంటుంది, కంట్రోలర్‌కి ఊపిరాడదు. ఏడీఎస్-బీ (విమానాలు తమ స్థానాన్ని తామే ప్రసారం చేసే వ్యవస్థ) డేటా దొరికితే నిమిషానికోసారి సెక్టార్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కించండి.

నెలాఖరున యూరోకంట్రోల్ విడుదల చేసే రోజువారీ డేటా దించుకోండి. ఆలస్యం నిమిషాలను విమానాల సంఖ్యతో భాగించాలి. 2015–19కి ఐరోపా సమాఖ్య మొత్తానికి లక్ష్యం విమానానికి 0.5 నిమిషం. చిన్న దేశానికి ఈ సగటు ఒక్కటే చాలదు. రోజుకు 1,200 విమానాల చొప్పున 30 రోజులు, అందులో మూడు రోజులు మాత్రం 3,000 నిమిషాల చొప్పున ఆలస్యం అనుకోండి: నెల సగటు 0.25, చూడ్డానికి బంగారం. ఆ మూడు రోజుల సగటు 2.5! అందుకే రెగ్యులేషన్ పడ్డ రోజులు, 15 నిమిషాలు దాటిన విమానాలు విడిగా రాయండి. ఆరోజు అంకెలు తర్వాత సవరిస్తారు, కాబట్టి దించుకున్న తేదీ పక్కనే పెట్టుకోండి.

ఇక విమానాశ్రయం. 2019లో స్లొవేనియా విమాన సంస్థ ఆడ్రియా ఎయిర్‌వేస్ దివాలా తీశాక లుబ్లియానాకి విమానాలు ఎక్కువగా బయటి నుంచే వచ్చి, వెంటనే తిరిగి వెళ్తున్నాయి. వచ్చింది ఆలస్యమైతే వెళ్ళేదీ ఆలస్యమే. విమానయాన సంస్థల కోడుల్లో ఇది 93. ఏటీసీవి వేరు: దారిలో రద్దీ 81, ఏటీసీ సిబ్బంది లేదా పరికరాలు 82, గమ్యం విమానాశ్రయంలో ఆంక్ష 83, అక్కడి వాతావరణం 84. కోడ్ దొరక్కపోతే తోక మీది రిజిస్ట్రేషన్ పట్టుకుని, అదే విమానం లోపలికి ఎప్పుడొచ్చిందో ట్రాకింగ్ సైట్‌లో చూడండి. చలికాలం ఉదయాల్లో మేటార్‌లో (విమానాశ్రయ వాతావరణ నివేదిక) ఎఫ్‌జీ, అంటే పొగమంచు, ఉందా అన్నదీ చూడాలి. విమానాశ్రయం ఉన్న లోయలో అది మామూలే.

ఏఎన్‌ఎం, మేటార్ రెండూ యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉంటాయి, బోర్డు స్థానిక సమయంలో ఉంటుంది. చలికాలం గంట తేడా, వేసవిలో రెండు గంటలు. మార్చి, అక్టోబర్ చివరి ఆదివారాల తర్వాత ఫార్ములా మార్చకపోతే ప్రతి విమానమూ గంట అటో ఇటో కనబడుతుంది.