ఇంకు నిండుగానే ఉంది, ప్రింటరే వద్దంటోంది

బెంగళూరు మారతహళ్లిలో మా జిరాక్స్ షాపు చుట్టూ అన్నీ పీజీ హాస్టళ్లే. ఒంగోలు నుంచి, కడప నుంచి ఉద్యోగాల వేటలో వచ్చిన పిల్లలు రెజ్యూమెల కోసం నలుగురు కలిసి ఒక చవక ప్రింటరు కొంటారు. రెండో కార్ట్రిడ్జ్ దగ్గర నా దగ్గరికి వస్తారు. "అన్నా, ఇంకు నిండా ఉంది, ప్రింటు రావట్లేదు." నేను అడిగేది ఒక్కటే: స్క్రీన్ మీద ఏం రాసి వచ్చింది? "ఏదో ఎర్రర్" అంటే నేనేం చెప్పలేను. ఓకే నొక్కేసే ముందు ఫోన్లో ఒక ఫొటో తీసుకుని రండి.

కార్ట్రిడ్జ్ మీద గోరంత పలక, దాని మీద రాగి రంగు మచ్చలు కనిపిస్తాయి చూడండి, కార్ట్రిడ్జ్ గురించి ప్రింటరుకి చెప్పే చిప్ సంగతంతా అక్కడే. చాలా మోడళ్లలో అది లోపలి ఇంకును కొలవదు. ఎన్ని చుక్కలు చల్లిందో ప్రింటరు లెక్కపెట్టుకుంటుంది, ఆ పద్దు చిప్‌లో ఉంటుంది. మీరు సిరంజితో ఎంత నింపినా పద్దులో సున్నా సున్నాగానే ఉంటుంది.

"నిన్న పనిచేసింది, ఇవాళ బ్లాక్ అంటోంది"

కార్ట్రిడ్జ్‌ను ముట్టుకోకుండానే ఇలా జరిగితే రాత్రికి రాత్రి ఫర్మ్‌వేర్ (ప్రింటరు లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ అయిందేమోనని అనుమానించాలి. వైఫైలో ఉన్న ప్రింటరు మిమ్మల్ని అడగకుండానే అప్‌డేట్ తెచ్చుకోగలదు. హెచ్‌పీ దీనికి డైనమిక్ సెక్యూరిటీ అని పేరు పెట్టింది, అంటే తమది కాని చిప్ కనబడితే ఆపేయడం. 2016 సెప్టెంబరు 13న ఎన్నో ఆఫీస్‌జెట్ ప్రింటర్లు ఒక్కసారిగా బయటి కార్ట్రిడ్జ్‌లను తిరస్కరించాయి. గోల పెద్దదయ్యాక ఆ అడ్డు తీసేసే ఫర్మ్‌వేర్‌ను కంపెనీయే ఇచ్చింది.

ఈ స్థితిలో చిప్‌ను ఎంత తుడిచినా లాభం లేదు. కొన్న షాపుకి తీసుకెళ్లి కొత్త ఫర్మ్‌వేర్‌కి పనిచేసే చిప్ ఉన్నది మార్చి ఇమ్మనండి, లేదా ఒరిజినల్ వేయండి. తర్వాత ప్రింటర్ సెట్టింగుల్లో ఆటో అప్‌డేట్ ఆపేయండి. ఈ పని కొన్న రోజే చేయాలి, ఎవరూ చేయరు. ప్రింటర్ని మొదట్లోనే హెచ్‌పీ ప్లస్‌లో (ఒరిజినల్ ఇంకే వాడతామని ఒప్పుకునే పథకం) చేర్చి ఉంటే మాత్రం ఒరిజినల్ తప్ప దారి లేదు.

"ప్రొటెక్టెడ్ అని వస్తోంది"

కార్ట్రిడ్జ్ సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారా? ఆ కార్ట్రిడ్జ్ పాత యజమాని ప్రింటరుకి ముడిపడిపోయింది, ఆ ముడి విప్పడం కుదరదు. వెనక్కిచ్చేయండి.

"కార్ట్రిడ్జ్‌ను గుర్తించట్లేదు"

నా దగ్గరికి వచ్చేవాటిలో సగం ఇక్కడే తేలిపోతాయి. కొత్తదైతే రాగి మచ్చల మీది పల్చటి ప్లాస్టిక్ టేపు తీయడం మరిచి ఉంటారు. రీఫిల్ చేసిందైతే ఇంకు కారి మచ్చల మీద ఎండిపోయి ఉంటుంది. హెచ్‌పీ 803, 680 లాంటివాటిలో ఇది తరచూ చూస్తుంటాను. పీచు రాలని గుడ్డను డిస్టిల్డ్ వాటర్‌తో కొంచెం తడిపి మచ్చలు తుడవండి. కింద ఇంకు చిమ్మే నాజిళ్ల వైపు వెళ్లకండి, వేలితో కూడా తాకొద్దు. ప్రింటరు లోపల వీటికి ఆనుకునే పిన్నులనూ అలాగే తుడిచి, 10 నిమిషాలు ఆరనిచ్చి పెట్టండి. మొదట్లో నేను ప్యాంటుకేసి రుద్దేవాణ్ణి. ఒకసారి పీచు పిన్నుల్లో ఇరుక్కుని, కస్టమర్ ముందు అరగంట టార్చి పట్టుకుని కూర్చున్నాను.

"నింపాను, అయినా అయిపోయిందంటోంది"

ఇది పద్దు గొడవ. కెనాన్ పిక్స్మా ప్రింటర్లలో ఈ-13, ఈ-16 వస్తే స్టాప్ బటన్ 5 సెకన్లకు పైగా నొక్కి పట్టుకుంటే ముందుకెళ్తుంది. హెచ్‌పీలో చాలావరకు ఓకే నొక్కితే చాలు. ఆ తర్వాత ఇంకు మట్టం చూపించదు, మీరే కనిపెట్టుకోవాలి. ఈ కార్ట్రిడ్జ్‌లలో ఇంకును వేడి చేసి చిమ్మే హెడ్ ఉంటుంది కాబట్టి, ఖాళీగా నడిపితే అది మాడిపోతుంది. గీతలు పలచబడగానే ఆపండి.

చిప్ లేకపోతే ప్రింటే రాదనుకునేవాళ్లకు ఒక ముచ్చట. ప్రపంచమంతా చిప్‌ల కొరత నడుస్తున్నప్పుడు, 2022 జనవరిలో, కెనాన్ చిప్ లేకుండానే టోనర్లు (లేజర్ ప్రింటర్ల పొడి ఇంకు డబ్బాలు) అమ్మాల్సి వచ్చింది. హెచ్చరికను దాటేసి ఎలా వాడాలో జర్మనీలో తన కస్టమర్లకు ఆ కంపెనీయే చెప్పింది. పాత లేజర్లకు వాడే హెచ్‌పీ 12ఏ టోనర్లో అయితే మొదట్నుంచీ చిప్పే లేదు.

"ట్యాంక్ ప్రింటరు, ఇంకు పోశాక రంగు తేడా"

ఎప్సన్ ఎల్3110 లాంటి ట్యాంక్ వాటిలో కార్ట్రిడ్జే ఉండదు, ఇక చిప్ మాటెక్కడిది? బయటి ఇంకు పోసి రంగు చెడితే నాజిల్ చెక్ (గీతల పరీక్ష పేజీ) తీసి చూడండి. మూడుసార్లు హెడ్ క్లీనింగ్ చేసినా గీతలు తెగుతుంటే 12 గంటలు వదిలేయండి. క్లీనింగ్ చేసిన కొద్దీ ఇంకు, వేస్టు ఇంకును పీల్చుకునే ప్యాడ్‌లోకే పోతుంది. కెనాన్ జీ2010లో నలుపు పిగ్మెంట్ ఇంకు (సన్నటి రంగు రేణువులున్నది), రంగులు డై ఇంకు (రంగు పూర్తిగా కరిగి ఉన్నది). నలుపు ట్యాంకులో డై ఇంకు పోశారంటే రెండూ కలిసి గడ్డకట్టొచ్చు.

ఇంకు ప్యాడ్ నిండిందనో, కెనాన్‌లో 5బీ00 అనో వస్తే దానికీ మీరు పోసిన ఇంకుకీ సంబంధం లేదు. రీసెట్ సాఫ్ట్‌వేర్ లెక్కను సున్నా చేస్తుంది, ప్యాడ్‌లోని ఇంకు అక్కడే ఉంటుంది. ప్యాడ్ మార్చకుండా రీసెట్ చేస్తూ పోతే ఒకరోజు టేబుల్ మీద నల్లటి మడుగు కనిపిస్తుంది.

కంపాటిబుల్ (వేరే కంపెనీ చేసిన) కార్ట్రిడ్జ్ కొనడానికి కంప్యూటర్ సామాన్ల బజారైన ఎస్పీ రోడ్డుకి వెళ్తే ధర కన్నా ముందు ఒకటి అడగండి: ప్రింటరు బ్లాక్ చేస్తే మార్చిస్తారా? సరేనంటే ఆ మాట బిల్లు మీదే రాయించుకోండి.