హైదరాబాద్‌లో కారు లేకుండా తిరగడం ఎలా?

హైదరాబాద్‌కు కొత్తగా వచ్చినవాళ్ళు ఎక్కడికి వెళ్ళాలన్నా ముందు మ్యాప్ తెరిచి ఎన్ని కిలోమీటర్లో చూస్తారు. ఈ ఊళ్ళో ఆ లెక్క పనిచేయదు. దిల్‌సుఖ్‌నగర్ ఎక్కడ, హైటెక్ సిటీ ఎక్కడ! అయినా మెట్రో ఎక్కితే టెన్షన్ లేకుండా వెళ్ళిపోతాం. మెట్రో లేని వైపు ఏడెనిమిది కిలోమీటర్లకే సాయంత్రంపూట ప్రాణం తోకకొస్తుంది. కాబట్టి మీ ఇల్లు ఏ లైనుకు దగ్గర, వెళ్ళే చోటు ఏ లైనుకు దగ్గర అన్నదే చూసుకోండి.

1. ముందు మెట్రో లైన్లు గుర్తుపెట్టుకోండి

2017 నవంబరులో మొదలైన మెట్రో ఇప్పుడు 69 కిలోమీటర్ల మేర తిరుగుతోంది. ఎరుపు లైను మియాపూర్ నుంచి ఎల్బీనగర్‌కు, నీలం లైను నాగోల్ నుంచి రాయదుర్గానికి, ఆకుపచ్చ లైను జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్)కు. ఎరుపు నుంచి నీలానికి మారాలంటే అమీర్‌పేటలో దిగాలి. బయటికి రానక్కర్లేదు, మళ్ళీ టికెట్ కొననక్కర్లేదు. పొద్దున తొమ్మిదిన్నరకైతే మీరు నడవనక్కర్లేదు కూడా, వెనకున్న జనమే తీసుకెళ్తారు. ఆ తోపులాటలోనే తప్పు వైపు రైలు ఎక్కేస్తుంటారు. చివరి స్టేషన్ పేరు రాయదుర్గమా నాగోలా అని బోర్డు మీద చూసుకునే ఎక్కండి. రాత్రి పదకొండు దాటాక మాత్రం మెట్రోని నమ్ముకోవద్దు.

2. ఎంఎంటీఎస్‌కు టైము చూసి బయల్దేరండి

2003 నుంచి నడుస్తున్న ఈ లోకల్ రైలు టికెట్ మెట్రో కంటే చాలా చవక. లింగంపల్లి నుంచి సికింద్రాబాద్, నాంపల్లి వైపు వెళ్ళేవాళ్ళకు బాగా పనికొస్తుంది. మెట్రోలా నిమిషాల్లో ఇంకోటి రాదు, అందుకే టైము చూసుకుని స్టేషన్‌కు వెళ్ళాలి. బేగంపేటలో దిగితే మెట్రో స్టేషన్ నడిచి వెళ్ళేంత దూరమే.

ఇక్కడ ఒక జాగ్రత్త. మెట్రోలో హైటెక్ సిటీ స్టేషన్ ఉంది, ఎంఎంటీఎస్‌లోనూ ఉంది. పేరు ఒకటే గానీ చోట్లు వేరు. సైబర్ టవర్స్ దగ్గర పని ఉండి నేను ఎంఎంటీఎస్‌లో దిగి, బయటికొచ్చి దిక్కులు చూస్తుంటే ఒక ఆటో అతను నవ్వాడు. "గది మెట్రో స్టేషన్ సార్. గిది వేరే." రైల్లో మిగిలిన డబ్బు ఆటోకి పోయింది.

3. బస్సు నంబరు పక్కన అక్షరం కూడా చదవండి

సికింద్రాబాద్ నుంచి కొండాపూర్‌కు 10హెచ్, కోఠి నుంచి కొండాపూర్‌కు 127కె, మెహిదీపట్నం నుంచి లింగంపల్లి వైపు 216. అంకె ఒకటే అయినా చివరి అక్షరం మారితే బస్సు ఇంకెక్కడికో పోతుంది. ఇంటి ముందున్న స్టాప్‌లో నిలబడి రెండు బస్సులు మారేకన్నా, పది నిమిషాలు నడిచి నేరుగా వెళ్ళే బస్సు దొరికే స్టాప్‌కు చేరడం మేలు. బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఆర్టీసీ వాళ్ళ గమ్యం యాప్‌లో చూడొచ్చు.

'మెట్రో ఎక్స్‌ప్రెస్' అంటే రైలు కాదు, బస్సే. తెలంగాణ మహిళలకు 2023 డిసెంబరు నుంచి ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ తీసుకోవడం మర్చిపోవద్దు. డీలక్స్ బస్సులో ఇది చెల్లదు. ఎయిర్‌పోర్టుకైతే పుష్పక్ బస్సులున్నాయి, మెట్రో అక్కడిదాకా లేదు.

4. చివరి కిలోమీటరు ముందే తేల్చుకోండి

నిజానికి డబ్బూ ఓపికా కరిగిపోయేది ఇక్కడే. స్టేషన్ నుంచి ఆఫీసుకు నడవగలరా, షేర్ ఆటో దొరుకుతుందా అన్నది ఒక సెలవు రోజు వెళ్ళి చూసి రండి. షేర్ ఆటోలో కూర్చునే ముందే ఎంతో అడగండి, లేదా ముందు దిగినవాళ్ళు ఎంత ఇచ్చారో గమనించండి. వాన పడుతున్నప్పుడు యాప్‌లో ఆటో రేటు చూస్తే గుండె జారుతుంది. కంగారుపడి బుక్ చేయకుండా స్టేషన్‌లోనే ఓ అరగంట ఆగండి, నేనైతే అదే చేస్తాను.

5. చిల్లర పెట్టుకోండి, దిగే స్టాప్ రాకముందే లేవండి

రద్దీ బస్సులో డోర్ దాకా రావడానికే ఒక స్టాప్ పడుతుంది. కండక్టర్ బస్సు ఆపమని "హోల్డాన్" అన్నాక లేస్తే, మీరు డోర్ చేరేలోపు పోనిమ్మనే "రైట్ రైట్" కూడా అయిపోతుంది. పెద్ద నోటు ఇస్తే రావాల్సిన చిల్లర టికెట్ వెనక పెన్నుతో రాసిస్తారు. ఆ టికెట్‌ను నలిపి జేబులో కుక్కకుండా చేతిలోనే పట్టుకోండి. ఆ చిల్లర లేచేటప్పుడు కాదు, రెండు స్టాపుల ముందే కండక్టర్‌ను అడగండి. ఆయన ఇంకా పదిమందికి ఇవ్వాల్సి ఉంటుంది మరి.