షేడ్ ఫొటోలో పన్ను రంగు తప్పుతోందా? తప్పు ఎక్కడుందో ఇలా పట్టుకోండి

క్రౌన్ (పన్ను మీద తొడిగే తొడుగు) రంగు పన్నుతో కలిసేలా డెంటల్ ల్యాబ్‌కి పంపే షేడ్ ఫొటోలో పన్ను రంగు తేడాగా వస్తే వెంటనే సెట్టింగులు మార్చేయకండి. గ్రే కార్డును (ఏ రంగు ఛాయా లేని బూడిదరంగు కార్డు) పన్ను పక్కనే, అదే వెలుగు పడేలా పెట్టి ఇంకో ఫొటో తీయండి. దాన్ని సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, కార్డు మీద ఎరుపు, ఆకుపచ్చ, నీలం అంకెలు చూడండి. కంటితో అంచనా వేయొద్దు. మూడూ సమానంగా లేకపోతే తేడా వెలుగులోనో కెమెరాలోనో ఉంది. సమానంగానే ఉండి పన్ను ఒక్కటే తేడాగా ఉంటే వేరేచోట వెతకాలి.

ఫొటో అంతా పసుపుగానో నీలంగానో ఉంది

పసుపు కనిపిస్తే చాలాసార్లు డెంటల్ చైర్ లైట్ కలిసినట్టే. నీలం వైపు పోతే ఆటో వైట్ బ్యాలెన్స్‌ను (కెమెరా తనంతట తానే రంగుల్ని సర్దే సెట్టింగు) అనుమానించండి. ఫ్రేమ్ నిండా చిగుళ్లు, పెదవులు ఉన్నప్పుడు కెమెరా ఆ ఎరుపును తగ్గించబోయి పళ్లకి నీలిఛాయ తెస్తుంది.

చైర్ లైట్ పక్కకు తిప్పేయండి. వైట్ బ్యాలెన్స్ 5500 కెల్విన్ దగ్గర స్థిరంగా పెట్టి, ఎఫ్/22, 1/125 సెకను, ఐఎస్ఓ 100 లేదా 200తో ఫ్లాష్ వాడండి. అప్పుడు గది వెలుతురు ఫొటోలోకి దాదాపుగా రాదు. రా ఫైలు (కెమెరా మార్పులు చేయకుండా దాచే ఫైలు) తీస్తే మిగిలిన కాస్త తేడానూ కార్డు ఆధారంగా తర్వాత సరిచేసుకోవచ్చు.

పన్ను అంచు తెల్లగా మాడిపోయింది

ముందు పళ్ల వెనక నల్ల కాంట్రాస్టర్ (వెనకంతా నల్లగా కనిపించేలా పెట్టే పలక) పెట్టి, ఫ్లాష్‌ను టీటీఎల్‌లో (ఫ్లాష్ బలాన్ని కెమెరానే నిర్ణయించే పద్ధతి) వదిలేశారేమో చూడండి. నలుపును చూసి చీకటనుకుని ఫ్లాష్ గట్టిగా వెలుగుతుంది. ల్యాబ్‌లో క్రౌన్ చేసే సిరామిస్టుకు అన్నిటికన్నా కావలసిన అంచు పారదర్శకత అక్కడే పోతుంది. ఫ్లాష్‌ను మాన్యువల్‌లోకి మార్చి, హిస్టోగ్రామ్ (ఫొటోలోని వెలుగును చూపే గ్రాఫ్) కుడి అంచుకు తగలకుండా పవర్ తగ్గించండి.

మెరుపు మచ్చలు రంగును కప్పేస్తుంటే మెరుపును ఆపే క్రాస్ పోలరైజేషన్ ఫిల్టర్ వాడండి. దాంతో పంటి ఉపరితలపు గరుకుదనం కూడా కనిపించకుండా పోతుంది కాబట్టి, ఫిల్టర్ లేకుండా ఇంకోటి తీసి రెండూ పంపండి.

కార్డు సరిగ్గానే ఉంది, పన్నే పాలిపోయింది

పన్ను ఆరిపోయింది. నోరు తెరిచి ఉంచినా, రబ్బర్ డ్యామ్ (పంటికి ఉమ్మి తగలకుండా వేసే రబ్బరు పొర) వేసినా కొద్ది నిమిషాల్లోనే ఎనామెల్ తడి తగ్గి తెల్లబడుతుంది. మళ్లీ అసలు రంగుకు రావడానికి గంటలు పట్టొచ్చు. ఏ సాఫ్ట్‌వేరూ దీన్ని వెనక్కి తేలేదు. ఆ షేడ్‌తో చేసిన క్రౌన్ నోట్లో తెల్లగా ఎత్తి కనిపిస్తుంది, దాన్ని మోసేది పేషెంటే. అందుకే షేడ్ ఫొటో ఆ రోజు మొదటి పని కావాలి, ప్రిపరేషన్ (క్రౌన్ కోసం పన్నును అరగదీయడం) కన్నా ముందే.

ట్యాబ్ ఒకలా, పన్ను ఒకలా

షేడ్ ట్యాబ్ (రంగు పోల్చడానికి పన్ను పక్కన పట్టే నమూనా) ముందుకు వచ్చి ఉంటే ఫ్లాష్ దానిమీద ఎక్కువ పడి, ఉన్నదానికన్నా తెల్లగా కనిపిస్తుంది. అంచుకు అంచు ఎదురుగా, పన్ను ఉన్న తలంలోనే పట్టుకోండి. ట్యాబ్ మీది షేడ్ నంబరు ఫ్రేమ్‌లో పడాలి.

మీ దగ్గర బాగుంది, ల్యాబ్‌లో తేడా

మానిటర్లు రెండుచోట్లా క్యాలిబ్రేట్ చేయాలి, అంటే రంగులు సరిగ్గా చూపేలా సర్దాలి. జేపెగ్ పంపితే ఎస్ఆర్‌జీబీ అనే రంగుల ప్రమాణంలోనే పంపండి. మెసేజింగ్ యాప్‌లో మామూలు ఫొటోలా పంపితే కుదించేస్తుంది, కాబట్టి డాక్యుమెంటుగా జతచేయండి.